మారితే నేరం, మారకపోతే ఘోరం

వీడియో గేమ్ సమీక్షకుల మీద జనానికి చాలా కోపంగా ఉంది. మూడు గంటలు ఆడి ముప్పై గంటల ఆటకి మార్కులు వేస్తారట. పదికి ఏడు తప్ప వేరే అంకె రాదట. ఇది పచ్చి అబద్ధం, ఎనిమిది కూడా వస్తుంది. అందుకని వాళ్ళ తరఫున నేనే వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు వద్దన్నాను. వాళ్ళు కూడా ఇస్తామనలేదు.

ముందుగా 2004వ సంవత్సరాన్ని సాక్షిగా ప్రవేశపెడుతున్నాను. ఆ ఏడాది అమెరికాలో విమర్శకుల ముందుకి రెండు సీక్వెల్స్ వచ్చాయి. రెండూ జపాన్‌లో 2003 చివర్లో విడుదలైనవే. రెండూ సైన్స్ ఫిక్షన్ కథలే. రెండింట్లోనూ చేతిలో పేకముక్కల్లాంటివి పేర్చుకుని యుద్ధం చేయాలి. ఇక్కడితో పోలికలు సరి.

మొదటి ముద్దాయి సేగా వారి ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ ఎపిసోడ్ 3. దీని పూర్వీకులు చాలా గొప్పవాళ్ళు. 2000 డిసెంబరులో డ్రీమ్‌కాస్ట్ అనే సేగా వారి గేమ్ యంత్రం మీద మొదటి ఆట వచ్చినప్పుడు, టీవీకి తగిలించే డబ్బాని ఫోన్ లైనుకి కలిపి, ఎక్కడెక్కడి వాళ్ళో నలుగురు కలిసి రాగోల్ అనే గ్రహం మీద రాక్షసుల్ని నరకడమే ఒక వింత. నరకడం, కింద పడ్డ ఆయుధం ఏరుకోవడం, ఆ ఆయుధంతో మళ్ళీ నరకడం. తత్వం ఇంతే. కానీ దీని కోసం మనుషులు నిద్ర మానుకున్నారు.

మూడో ఎపిసోడ్‌లో కథ 21 ఏళ్ళు ముందుకి జరిగింది. గ్రహం అదే, శత్రుత్వాలు కొత్తవి: ఒకవైపు ప్రభుత్వం తరఫు హంటర్లు, మరోవైపు ఆర్క్జ్ అనే తిరుగుబాటుదారులు. ఆ 21 ఏళ్ళలో సైన్సు ఎంత ఎదిగిందంటే, కత్తులూ తుపాకులూ అన్నీ పేకముక్కలైపోయాయి. రాక్షసుడు కూడా ముక్కే. గళ్ళ బల్ల మీద నిలబడి పాచికలు వేయాలి. ఒక పాచిక దాడికి, ఇంకోటి రక్షణకి. వచ్చిన అంకెని బట్టి ముక్క దింపాలి. తర్వాత ఎదుటివాడి వంతు. కూర్చోవాలి.

నరకడానికి కత్తి నూరుకుని వచ్చినవాడికి కుర్చీ వేసి పాచికలు ఇస్తే ఏమవుతుంది? అదే అయింది. కొందరు లోతు ఉందని మెచ్చుకున్నారు, కొందరు నత్తనడక అన్నారు, దాదాపు అందరూ ఇది మనమెరిగిన ఫాంటసీ స్టార్ కాదన్నారు. పెసరట్టు కోసం రోజూ వచ్చే హోటల్లో ఒకరోజు పూరీ పెడితే, పూరీ బాగా పొంగింది కానీ పెసరట్టు కాదు కనుక మార్కులు తగ్గించాను అని రాసినట్టు. నా క్లయింట్ల తర్కంలో నాకు తప్పేమీ కనిపించలేదు. బోర్డు మీద పెసరట్టు అనే ఉంది మరి. సేగా వాళ్ళు ఇదే ఆటని ఇంకే పేరుతో తెచ్చినా సగం కోపం ఉండేది కాదు. అప్పుడు సగం మంది కొనేవారూ కాదు.

ఇక ఇది అదృష్టమా, నైపుణ్యమా అన్న ప్రశ్న. పాచికలున్న చోట ఈ అనుమానం తప్పదు. ఇక్కడ మన న్యాయవ్యవస్థ సాయం తీసుకుంటాను. 1967 నవంబరులో సుప్రీంకోర్టు, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదని చెప్పింది. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. డెక్‌బిల్డింగ్ గురించి, అంటే ఏ ముక్కలు ఏరి కట్టలో పెట్టుకోవాలన్న విద్య గురించి, ఇంత తేటగా రాసిన గేమ్ సమీక్ష నేనింకా చదవలేదు. అందులో మార్కులు కూడా లేవు.

రెండో ముద్దాయి కాప్‌కామ్ వారి మెగా మ్యాన్ బ్యాటిల్ నెట్‌వర్క్ 4. మొదటి ఆట 2001లో వచ్చింది. ఇంట్లో ఉన్న పొయ్యి కూడా నెట్‌కి తగిలించి ఉండే లోకం అది. పొయ్యిలోకి వైరస్ దూరి మంటలు లేస్తాయి. అప్పట్లో దాన్ని సైన్స్ ఫిక్షన్ అనేవారు. ఇప్పుడు గీజరు ఆన్ చేయడానికి ఫోన్‌లో ఓటీపీ అడుగుతుంటే ఏమనాలో తెలియడం లేదు.

దీంట్లో పేకకట్టని ఫోల్డర్ అంటారు, ముక్కల్ని చిప్స్ అంటారు. ఫోల్డర్ అంటే 30 చిప్స్. యుద్ధం మొదలవగానే ఐదు చేతికొస్తాయి. ఒకే పేరున్నవో, ఒకే అక్షరం ఉన్నవో కలిపి దింపాలి. రమ్మీలో సెట్టూ సీక్వెన్సూ తెలిసినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా ముక్కలు దింపాక కూర్చోవడం లేదు, గళ్ళ మీద మనమే తప్పించుకుంటూ కొట్టాలి. మంచి ఆట. ఎంత మంచిదంటే కాప్‌కామ్ వాళ్ళు దాన్ని మార్చడానికి ఇష్టపడలేదు. 2001లో రెండు, 2002లో ఒకటి, 2003లో నాలుగోది, అదీ రెడ్ సన్, బ్లూ మూన్ అని రెండు పెట్టెల్లో. విమర్శకులు ఆవులించారు. మళ్ళీ అదేనా అన్నారు.

అంటే అదే ఏడాది, ఒకడు మారాడని, ఇంకొకడు మారలేదని మొట్టికాయలు తిన్నారు. నా క్లయింట్ల మీద కోపంగా ఉన్నవాళ్ళు దీన్ని చూపించి గగ్గోలు పెడుతున్నారు. వైరుధ్యమేమీ లేదు. నా క్లయింట్లు కోరేది ఒక్కటే: సీక్వెల్ పూర్తిగా మారాలి, మారినట్టు తెలియకూడదు. సంబంధాలు చూసేటప్పుడు పిల్ల ఉద్యోగం చేయాలి కానీ ఆఫీసుకి వెళ్ళకూడదు అనే పెద్దమనుషులు మనకి లేరా? వాళ్ళని ఎవరూ ఏడు మార్కుల మనుషులు అనరు.

తీర్పుల అమలు ఎలా జరిగిందో కూడా మనవి చేస్తాను. అప్పట్లో ఎపిసోడ్ 3 ఆన్‌లైన్‌లో ఆడాలంటే, అది నడిచే గేమ్‌క్యూబ్ అనే నింటెండో యంత్రానికి నెట్ అడాప్టర్ విడిగా కొనాలి, నెలనెలా చందా కట్టాలి. 2007లో అధికారిక సర్వర్లు మూసేశారు. ఇప్పుడు కొందరు అభిమానులు సొంత సర్వర్లు పెట్టుకుని, ఎవరూ మార్కులు వేయని చోట, ఓపిగ్గా పాచికలు వేసుకుంటున్నారు. మెగా మ్యాన్ ఆటల్ని మాత్రం 2023లో ఆరు భాగాలూ, మొత్తం పది వెర్షన్లూ ఒకే సంపుటిగా తెచ్చారు. పది లక్షలకి పైగా కాపీలు అమ్ముడయ్యాయి. మళ్ళీ అదేనా అన్న మాటే ఇరవై ఏళ్ళు అటకమీద ఊరి, అబ్బ, మళ్ళీ అదే అయింది.

ఒక్క ఆరోపణ దగ్గర నా క్లయింట్లని సమర్థించడానికి లాయరు తెలివితేటలు అక్కర్లేదు. నాలుగో భాగంలో కథ అంతా చూడాలంటే ఆటని మూడుసార్లు పూర్తి చేయాలి. ఇది దారుణం అని వాళ్ళు 2004లోనే మొత్తుకున్నారు. నేను నమ్మలేదు. సంపుటి వచ్చాక ఒకసారి పూర్తి చేశాను, రెండోసారి సగంలో ఉన్నాను. మూడోసారికి ఫోల్డర్‌లో 30 ముక్కలూ సర్ది పెట్టుకున్నాను, పండక్కి సెలవులు ఎన్ని వచ్చాయో చూడాలి.