అరకిలో మట్టి చెప్పని సంగతులు

ఒక హెక్టారు పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టిని తూకం వేస్తే సుమారు 20 లక్షల కిలోలు ఉంటుంది. పరీక్షకు పంపేది అందులో అరకిలో. భాస్వరం ఎంతుందో తేల్చడానికి ప్రయోగశాల వాడేది ఆ అరకిలోలో కొన్ని గ్రాములు మాత్రమే. దాన్ని బట్టే పొలమంతటికీ ఎరువుల మోతాదు రాసిస్తారు. నమూనా పద్ధతిగా తీస్తే ఈ లెక్క పనికొస్తుంది. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట వదిలేసి, 15 నుంచి 20 చోట్ల ఒకే లోతున మట్టి తీసి, బాగా కలిపి అరకిలోకు తగ్గించాలి. ఒక మూల నుంచి గుప్పెడు మట్టి తెచ్చి ఇస్తే, యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆ మూల సంగతే చెబుతుంది.

నా అసలు అభ్యంతరం దీనికంటే పెద్దది. నమూనా సరిగ్గా తీసినా మనం నేలను అడిగే ప్రశ్నలు చాలా తక్కువ. నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక (pH), లవణాలు, సేంద్రియ కర్బనం, గంధకం, కొన్ని సూక్ష్మపోషకాలు, అంతే. నీరు ఇంకుతోందా, వేరు లోపలికి దిగుతోందా, వానపాములు ఉన్నాయా అన్నవి మామూలు నివేదికలో కనిపించవు. కనిపించే వీలు కూడా లేదు. మట్టిని ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాకే పరీక్ష మొదలవుతుంది. అంటే నేల నిర్మాణాన్ని మన చేతులతోనే చెరిపేశాక దాని ఆరోగ్యం గురించి అడుగుతున్నాం.

ఈ నిర్మాణం చిన్న విషయం కాదు. మంచి నేల ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీయే. ఆ ఖాళీల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. తడి ఆరని పొలంలో బరువైన ట్రాక్టర్లు తిరిగితే, ఏటా ఒకే లోతున దున్నితే ఆ ఖాళీలు నొక్కుకుపోయి నాగలి అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. వేరు చొచ్చుకుపోకుండా నేల అడ్డుకునే ఒత్తిడి (నేల నిరోధం) 2 మెగాపాస్కల్స్ దాటిందంటే చాలా పంటల వేర్ల ఎదుగుదల బాగా మందగిస్తుంది. వాన పడితే నీరు పైనే నిలుస్తుంది. అక్కడ ఆక్సిజన్ అందని సూక్ష్మజీవులు, పైరు తీసుకోవాల్సిన నత్రజని రూపమైన నైట్రేట్‌ను వాయువుగా మార్చేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్‌ కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు అది. ఈలోగా పైరు పసుపుబారుతుంది, నత్రజని లోపమని సలహా వస్తుంది, ఇంకో దఫా యూరియా వేస్తారు. అదీ అదే దారిన పోతుంది. నీరు దిగే దారి లేక పాడైన పైరుకు ఎరువు చాలలేదని వైద్యం చేస్తున్నాం. ఖర్చు రైతుది, నష్టం అందరిదీ.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బాగా ఎండిన చిన్న మట్టిపెళ్లను వాననీటిలో మెల్లగా వదిలి చూడండి. పెళ్ల విడిపోయి, నీరు మాత్రం తేటగానే ఉంటే రేణువులను పట్టి ఉంచే సేంద్రియ పదార్థం చాలలేదని అర్థం. పెళ్ల చుట్టూ పాలలాంటి మడ్డి వ్యాపిస్తే బంకమన్నే విడిపోతోంది, దానికి చాలాసార్లు సోడియం కారణం. రెండు పొలాల్లోనూ పైకి కనిపించే బాధ ఒకటే, నీరు ఇంకకపోవడం. వైద్యం వేరు. మొదటిదానికి పశువుల ఎరువు, పచ్చిరొట్ట కావాలి. రెండోదానికి జిప్సం, ఆపైన నిలిచిన నీరు బయటికి పోయే ఏర్పాటు కావాలి. ఇంత తేలికైన పరీక్షను ప్రతి సలహాదారూ పొలంలోనే చేసి చూపించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సెన్సార్లు, డ్రోన్లు వద్దనడం లేదు. పైరు ఏ మూల వెనకబడిందో డ్రోన్ చిత్రం చెబుతుంది, ఎందుకు వెనకబడిందో చెప్పదు. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతితో పనిచేసే స్కానర్లు సేంద్రియ కర్బనాన్ని, బంకమన్ను శాతాన్ని బాగానే అంచనా వేస్తాయి. పంటకు అందే భాస్వరానికి ఆ కాంతిలో సొంత గుర్తు లేదు, కాబట్టి ఆ అంకెను అంతగా నమ్మలేం. రేగడి నేల బీటలు వారితే తేమ సెన్సార్ చుట్టూ గాలి చేరి, ఉన్నదానికంటే తక్కువ తేమ చూపిస్తుంది. నాకు బాగా నచ్చేది విద్యుత్ వాహకతను, అంటే మట్టిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తూ పొలమంతా తిరిగే పరికరం. మట్టి స్వభావం ఎక్కడ మారుతోందో అది చూపిస్తుంది. అక్కడక్కడా పార దించి చూస్తే, ఆ పటానికి అర్థం వస్తుంది.

నేలకు పెట్టింది ఎన్నాళ్లు నిలుస్తుందో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోని ప్రయోగాలు చూపించాయి. అక్కడ బార్లీ వేసే ఒక మడికి 1852 నుంచి 1871 వరకు ఏటా పశువుల ఎరువు వేసి ఆపేశారు. వందేళ్లు దాటాక కూడా, ఎప్పుడూ ఎరువు వేయని మడికన్నా అందులో సేంద్రియ పదార్థం ఎక్కువగానే ఉంది. అదే చోట 1843లో మొదలైన గోధుమ ప్రయోగం ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేసిన మడిలో కర్బనం బాగా పెరిగింది, నైట్రేట్ కూడా ఎక్కువగా కిందికి కొట్టుకుపోయింది. సేంద్రియమైనంత మాత్రాన కాలుష్యం ఉండదనుకోకూడదు. రసాయన ఎరువుల దిగుమతిని 2021లో ఒక్కసారిగా ఆపేసిన శ్రీలంక, రైతుల నిరసనలతో అదే ఏడాది వెనక్కి తగ్గింది, అయినా వరి దిగుబడి పడిపోయింది. నేలను మార్చడానికి ఏళ్లు పడుతుంది, ఆ వ్యవధి ఇవ్వకుండా రైతు మీద ప్రయోగం చేయడం అన్యాయం.

నేలలో కర్బనం పెంచితే డబ్బిస్తామనే పథకాల్లోనూ కొలత దగ్గరే చిక్కు. దున్నకుండా విత్తే పద్ధతిలో కర్బనం ఎక్కువగా పై పొరలోనే చేరుతుంది. 10 సెంటీమీటర్లే తవ్వి కొలిస్తే లాభం ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే కనీసం 30 సెంటీమీటర్లు తవ్వాలి. దానికి మించిన లోపం ఇంకోటి ఉంది. నేల నొక్కుకుపోతే అదే లోతులో ఎక్కువ మట్టి పడుతుంది, దాంతో కర్బనం పెరిగినట్టు లెక్క వస్తుంది. చెడిపోయిన పొలానికి బహుమతి అందుతుంది. కాబట్టి ఒప్పందాల్లో లోతుకు బదులు మట్టి బరువు ప్రాతిపదికన లెక్క ఉండాలి. కర్బనంలో మార్పు కొలతకు అందాలంటే కొన్నేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆగకుండా, పొలాన్ని పచ్చగా కప్పి ఉంచిన రైతుకు మొదటి ఏడాది నుంచే సొమ్ము చెల్లించాలి.