సవరణ: కొవ్వు తగ్గడానికి వేగమా, వ్యవధా?

"నెమ్మదిగా ఎక్కువసేపు నడిస్తేనే కొవ్వు కరుగుతుంది" అని గత వ్యాసంలో రాసిన వాక్యానికి వివరణ అవసరం. నెమ్మది నడకలో ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువన్నది నిజమే గాని, వేగం పెరిగితే పిండిపదార్థాల వాటాతో పాటు నిమిషానికి ఖర్చయ్యే మొత్తం శక్తి కూడా పెరుగుతుంది కాబట్టి, చివరికి లెక్కకు వచ్చేది వారాల తరబడి తిన్నదానికీ ఖర్చయినదానికీ ఉన్న తేడాయే. నడక ముగించి ఉగ్గాని, బజ్జీ కడుపునిండా తింటే ఆ తేడా మిగలదు. ఆరోగ్యం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గాని, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం గాని సూచించింది. అనంతపురం వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక పరుగును తెల్లవారుజామునే ముగించాలి. గుండెజబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వేగం పెంచవద్దని గట్టిగా కోరుతున్నాను.