సిక్ లీవ్ లేని వంటగదులు

క్రూయిజ్ నౌకలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అనగానే ఆ వార్త ప్రపంచమంతా చుట్టేస్తుంది. తీరా చూస్తే, అమెరికాలో నమోదయ్యే నోరోవైరస్ వ్యాప్తుల్లో నౌకల వాటా 1 శాతమేనని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. సగానికి పైగా వృద్ధాశ్రమాలు, దీర్ఘకాల సంరక్షణ కేంద్రాల్లోనివే. నౌకల్లో 3 శాతం మందికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సీడీసీ పేరుతో సహా బయటపెడుతుంది కాబట్టి అవి మన కంట పడుతున్నాయి. మంచం దిగలేని పెద్దాయనకు విరేచనాలైతే కెమెరా పట్టుకుని ఎవరు వెళ్తారు?

ఈ వైరస్ మహా మొండిది. వందలోపు కణాలు లోపలికి పోయినా చాలు, మనిషి మంచాన పడతాడు. శానిటైజర్‌కు పెద్దగా లొంగదు, సబ్బు నీళ్లే కావాలి. 2010లో అమెరికాలోని ఆరెగాన్‌కు చెందిన అమ్మాయిల సాకర్ జట్టులో ఒకమ్మాయి హోటల్ బాత్రూమ్‌లో వాంతి చేసుకుంది. తినుబండారాల సంచి అక్కడే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోనే లేదు. అయినా అందులోవి తిన్నవాళ్లు జబ్బుపడ్డారు. గాల్లోకి లేచిన తుంపరలు సంచి మీద వాలాయన్నమాట. రెండు వారాల తర్వాత కూడా దాని మీద వైరస్ ఆనవాళ్లు దొరికాయి!

సంచి సంగతే ఇలా ఉంటే, కడుపు పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డ వంటమనిషి సంగతేమిటి? ఆహారం ద్వారా వచ్చే నోరోవైరస్ వ్యాప్తుల్లో దాదాపు 70 శాతానికి జబ్బుతో పనిచేసినవాళ్లే కారణమని సీడీసీయే చెబుతోంది. లక్షణాలు తగ్గాక కూడా 48 గంటలు పనికి రావొద్దన్నది నియమం. ఆ రెండు రోజుల జీతం ఎవరిస్తారో మాత్రం ఎవరూ మాట్లాడరు. రోజు పోతే కూలి పోయే మనిషి మాత్ర మింగి డ్యూటీకి రాక ఏం చేస్తాడు?

సెలవిస్తే దొంగ కడుపునొప్పులు పెరుగుతాయని యజమానులంటారు. పెరగనివ్వండి. పది దొంగ సెలవులకయ్యే ఖర్చు, ఒక్క నిజమైన రోగి వడ్డించిన భోజనంతో వచ్చే నష్టం ముందు ఎంత? చేతులు కడుక్కోమని గోడకు పోస్టర్ అంటిస్తే సరిపోదా అంటారు ఇంకొందరు. చేతులు కడగాల్సిందే, కాదనను. కానీ గంటకు నాలుగుసార్లు టాయిలెట్‌కు పరిగెత్తేవాణ్ని పోస్టర్ ఆపలేదు.

వృద్ధాశ్రమాల్లోనూ ఇదే కథ. ఒకచోట జీతం చాలక రెండు మూడు చోట్ల పనిచేసే ఆయా, ఒకచోటి వైరస్‌ను ఇంకోచోటికి మోసుకెళ్తే ఆ తప్పు ఆమెదా? తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూస్తాడు. పోయిన నెల ఎంతమందికి జీతంతో సిక్ లీవ్ ఇచ్చారో ఆ రిజిస్టరు కూడా అడగాలి, ఒక్కటీ లేకపోతే నోటీసివ్వాలి.