వెళ్ళకుండా గీసినవాడే ఘనుడు

గ్రీసు శిథిలాల బొమ్మలు, పటాలు గీసిన తొలితరం వారి విషయంలో పండితులు పెద్ద అన్యాయమే చేశారు. ఎవరు అక్కడికి వెళ్ళారు, ఎవరి కొలతలు సరిపోయాయి అన్నదే వారికి పట్టింపు. నిజానికి బొమ్మకు ప్రయాణమంత చేటు చేసేది మరొకటి లేదని ఆధారాలతో మనవి చేస్తున్నాను.

1493లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అచ్చయిన ప్రపంచ చరిత్రలో ఏథెన్స్ బొమ్మ ఉంది. బురుజులతో, ప్రాకారంతో అచ్చమైన జర్మన్ పట్టణం! 645 చెక్క దిమ్మెలతో 1809 బొమ్మలు వేసిన పుస్తకమాయె, అదే దిమ్మె పేరు మార్చుకుని ఇతర ఊళ్ళకూ పనికొచ్చింది. పొదుపంటే అదీ.

అయితే వెళ్ళకుండా గీసే ఈ విద్యకు మూలపురుషుడు పారిస్‌కు చెందిన గియే. 1675లో ఏథెన్స్ మీద పటంతో సహా పుస్తకం వేశాడు. తాను వెళ్ళలేదు, వెళ్ళినవాడు తన సోదరుడట. ఆ సోదరుణ్ణి చూసినవారు లేరు. అసలు సమాచారం ఏథెన్స్‌లో కాపురమున్న కపూచిన్ శాఖ క్రైస్తవ సన్యాసులది. అదే సమయంలో ఫ్రాన్సులోని లియాన్ నగర వైద్యుడు స్పాన్, పాపం, ఓడలెక్కి, ఎండకు ఎండి, నిజంగానే ఏథెన్స్ చేరాడు. తిరిగొచ్చి 1678లో గియే తప్పులు ఏకరువు పెట్టాడు. గియే తగ్గలేదు, మరుసటి ఏడే స్పాన్‌ను తప్పుపడుతూ ఒక పుస్తకమే రాశాడు! వెళ్ళనివాడికి ఉండే ధీమా వెళ్ళొచ్చినవాడికి ఎక్కడిది? 1682లో గియే రాజ చిత్రకళా అకాడమీకి చరిత్రకారుడయ్యాడు. ప్రొటెస్టెంటయిన స్పాన్ ఆ మతస్థులపై వేధింపుల వల్ల దేశం విడిచి, 1685లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు. యువకులు గమనించగలరు.

1674లో ఫ్రెంచి రాయబారి నోంతెల్ పరివారంలోని చిత్రకారుడు ఏథెన్స్‌లోని ప్రాచీన దేవాలయం పార్థెనాన్ శిల్పాలను కింద నిలబడి, మెడలెత్తి గీశాడు. 1687లో వెనిస్ సేనల గుండు తగిలి, తురుష్కులు అందులో దాచిన మందుగుండు పేలింది. ఆ బొమ్మలే లేకుంటే ఏం పోయిందో మనకు తెలిసేది కాదు, ఏడ్చే పనీ ఉండేది కాదు.

ఇక లండన్ మిత్రులు స్టూవర్ట్, రెవెట్. 1751లో ఏథెన్స్ చేరి, రెండేళ్ళకు పైగా రాయి రాయినీ అంగుళంలో దశాంశాల దాకా కొలిచారు. వారి తర్వాత వెళ్ళి కొద్ది నెలలు మాత్రమే ఉన్న ఫ్రాన్సు వాస్తుశిల్పి లె రువా 1758లోనే పుస్తకం తెచ్చేశాడు. స్టూవర్ట్, రెవెట్‌ల మొదటి సంపుటం 1762లో వస్తే, అందులో పార్థెనానే లేదు! లె రువా కొలతలు తప్పని స్టూవర్ట్ విరుచుకుపడ్డాడు. కేవలం కొలవడానికి తాను అంత దూరం వెళ్ళలేదని లె రువా జవాబిచ్చాడు. ఆ మాటకు తిరుగేముంది?

పార్థెనాన్ ఉన్న రెండో సంపుటం స్టూవర్ట్ 1788లో చనిపోయాక గానీ వెలువడలేదు. అంగుళంలో దశాంశాన్ని కూడా వదలని ఆ పుస్తకం ముఖపత్రం మీద మాత్రం 1787 అని వేశారు.