హల్లులెక్కడ?

(బెంగళూరు, మారతహళ్లి. మూడో అంతస్తు, ఆదివారం పొద్దున. ఆవిడ చేతిలో జిగురు సీసా, ఆయన చేతిలో పేపరు. పిల్లాడు ఒకటో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వాడు మాట్లాడేది మాత్రం రెండూ కాదు.)

ఆవిడ: ఏమండీ, ఈ గోడకి అంటించిన ‘హాలు’ చీటీ మీరు పీకారా?

ఆయన: నేనెందుకు పీకుతాను? ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్టు మీదుంది చూడు.

ఆవిడ: పాల మీదకెలా వెళ్లింది?

ఆయన: నీ సుపుత్రుడు పంపాడు. వాడి తప్పేముంది, కన్నడంలో హాలంటే పాలే. మన ‘ప’ వాళ్లకి ‘హ’. పులి హులి, పాము హావు, పువ్వు హూవు. హళగన్నడంలో, అంటే పాత కన్నడంలో, వాళ్లకీ ‘ప’నే ఉండేది. హొసగన్నడానికి, అంటే కొత్త కన్నడానికి, వచ్చేసరికి ‘హ’ అయిపోయింది.

ఆవిడ: పాండిత్యానికేం తక్కువ లేదు. రాత్రంతా కూర్చుని తలుపు, కిటికీ, చీపురు అంటూ చీటీలు రాశాను. వస్తువు చూస్తూ చదివితే మాట వాడికి అతుక్కుంటుందని.

ఆయన: అతుక్కుంది. నా లుంగీకి. పాలకెళ్లొచ్చాక చూసుకున్నాను, వెనకాల ‘చీపురు’!

ఆవిడ: అబద్ధం రాయలేదుగా.

ఆయన: ఈ చీటీల గోలెందుకు? మా నాన్న నాకు ఇసకలో వేలు పట్టి దిద్దించాడు. 56 అక్షరాలూ, ఌ, ౡలతో సహా.

ఆవిడ: ఆ ౡతో ఒక్క మాట చెప్పండి.

ఆయన: ...

ఆవిడ: 56 వచ్చీ ఏం లాభం? నిన్న సరుకుల చీటీలో గుమ్మడికాయకి ఒత్తు మింగేశారు.

ఆయన: సంచీ మోసేది నేను. కాయ బరువు చాలక దానికి ఒత్తు కూడానా?

ఆవిడ: అందుకే నేను తల, వల, పలకతో మొదలెట్టాను. గుణింతం లేదు, ఒత్తు లేదు. మూడు మాటలకి అయిదక్షరాలొస్తాయి.

ఆయన: వచ్చాయిలే! వాడి ‘క’ చూశావా? నెత్తిన కన్నడం తలకట్టు, అడ్డంగా గీత.

ఆవిడ: అడిగాను. ‘తెలుగులో అక్షరం మీద రైటు మార్కుంది కదమ్మా, అది టీచర్ వెయ్యాలి. నేనే వేసుకుంటే తిడతారు’ అన్నాడు.

ఆయన: ఆ నిజాయితీ మా వైపుది.

ఆవిడ: బద్ధకం కూడా. సరేగానీ, ఈ చార్టు మీద ‘అచ్చులు’ ఉంది, పక్కన ‘హల్లులు’ అని అంటించానే, అదేదీ?

(లోపల్నుంచి మావగారి కేక. ఆయనింకా కట్టుడు పళ్లు పెట్టుకోలేదు.)

‘అమ్మాయ్! నా హళ్ల గిన్నె మీద ఈ కాయితమేంటే?’

ఆవిడ: కన్నడంలో పళ్లని ఏమంటారండీ?

ఆయన: (పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని) హల్లు. నువ్వు మా నాన్నని విన్నావా? పొద్దున్నే హొసగన్నడంలోకి దిగిపోయాడు.