ఇటలీ తీరంలో తినేవాళ్ళు ముందు మెనూ చదవండి, తర్వాత తిట్టండి

ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఇటలీ తీరంలోని ఐదు కొండ ఊళ్ళు, చింక్వే తెర్రే వెళ్ళొచ్చిన మనవాళ్ళ పోస్టులు వరసకడతాయి. కొండ అంచున రంగురంగుల ఇళ్ళ ఫొటోలు పది, కింద ఏడుపు ఒకటి. "అడగని బ్రెడ్‌కి డబ్బులేశారు." "ఒక్క చేపకి అరవై యూరోలు లాగారు." "మూడింటికి వెళ్తే కిచెన్ మూసేశాం అన్నారు." "తిండి చప్పగా ఉంది." నిలువుదోపిడీ అని తీర్పు. కింద రెండొందల మంది అవునంటే అవును.

వీటిలో ఒక్కటీ దోపిడీ కాదండీ. దాదాపు అన్నీ మెనూ మీద అచ్చేసి ఉన్నవే. దోపిడీ జరిగే చోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించి మాత్రం ఎవరూ రాయరు.

ముందు కోపెర్తో సంగతి. మనిషికి ఇంత అని కూర్చున్నందుకు వేసే ఛార్జీ అది. ఈ ఊళ్ళలో మామూలుగా రెండు మూడు యూరోలు. బ్రెడ్డు, టేబుల్ మీద గుడ్డ, గ్లాసులు, గిన్నెలు కడిగే కూలి అన్నీ అందులోనే. బ్రెడ్ ముట్టుకోకపోయినా పడుతుంది, మెనూ చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతం 2006లో చట్టం చేసి కోపెర్తో వద్దంది. చింక్వే తెర్రే ఉన్నది లిగూరియాలో, ఇక్కడ వేస్తారు. మెనూలో రాయకుండా వేస్తే అప్పుడు గొడవ పడండి, న్యాయం మీదే. "సెర్విత్సియో 10 శాతం" అని, అంటే సర్వీస్ ఛార్జీ, విడిగా రాసి ఉంటే ఇక టిప్పు అక్కర్లేదు. లేకపోయినా టిప్పు తప్పనిసరేం కాదు. నచ్చితే చిల్లర వదిలేసి రండి. నీళ్ళు సీసాల్లోనే వస్తాయి, కొనుక్కోవాలి. నాతురాలే అంటే మామూలువి, ఫ్రిత్సాంతే అంటే గ్యాస్‌వి.

ఇప్పుడు ఆ అరవై యూరోల చేప. మెనూలో చేప పక్కన 7 యూరోలు అని ఉండి, దాని పక్కనే "ఎట్టో" అని ఉంటుంది. ఎట్టో అంటే వంద గ్రాములు. అంటే కిలో 70 యూరోలన్నమాట. మనవాళ్ళు 7 చూసి ఆహా అనుకుంటారు. ఇద్దరికని తొమ్మిది వందల గ్రాముల చేప తెస్తే 63 యూరోలు. పైగా ఆ తూకం పచ్చి చేపది, తల, పేగులు, ముల్లుతో సహా. ప్లేట్లోకి వచ్చే కండ అందులో దాదాపు సగమే. కొన్నిచోట్ల ధర బదులు "ఎస్ క్యూ" అని రెండక్షరాలు వేస్తారు, తూకాన్ని బట్టి అని అర్థం. అలాంటప్పుడు ధర, తూకం రెండూ అడగాలి.

సరైన హోటల్లో వెయిటర్ పచ్చి చేపని పళ్ళెంలో పెట్టి టేబుల్ దగ్గరికే తెచ్చి చూపిస్తాడు. చాలామంది దాన్ని ఫొటో తీసి తలూపేస్తారు. ఆ తలూపడమే ఆర్డర్! ఆయన తెచ్చింది ఫొటోకి కాదు బాబూ, పరీక్షకి. కన్ను ఉబ్బుగా, నిగనిగలాడుతూ ఉందా? మొప్ప ఎత్తి చూపించమంటే ఎర్రగా ఉందా, గోధుమరంగుకి తిరిగిందా? "క్వాంతో పేజా" అంటే ఎంత తూగుతుందని. గ్రాములు చెప్పాక ఫోన్లో లెక్కేసుకుని, అప్పుడు సరే అనండి. పెద్దదైతే చిన్నది తెమ్మనండి, ఏమీ అనుకోరు. చేపల బజార్లో మొప్ప ఎత్తి చూడకుండా కొననివాళ్ళం, విమానం దిగగానే ఆ బుద్ధి ఎక్కడికి పోతుందో!

అసలు ఆ పెద్ద చేప ఎందుకు తింటున్నట్టు? బ్రాన్జినో, ఒరాతా అని మెనూలో మెరిసే రెండు చేపలూ ఇటలీ ప్లేట్లలోకి వచ్చేది ఎక్కువగా పెంపకం నుంచే. గ్రీస్ నుంచి, టర్కీ నుంచి బోలెడు దిగుమతి అవుతాయి. సముద్రం ఎదురుగా కూర్చున్నంత మాత్రాన అది ఆ సముద్రంలో చేప అయిపోదు. వల చేప అయితే "పెస్కాతో" అని గొప్పగా రాసుకుంటారు. ఆ మాట లేకపోతే పెంపకందే అనుకోవడం మంచిది.

నా సలహా ఒక్కటే. ఈ తీరంలో నెత్తళ్ళు తినండి. అవును, మన నెత్తళ్ళ జాతే. ఇక్కడ అచ్చూగే అంటారు. రాత్రిపూట పడవల్లో దీపాలు పెట్టి, వెలుగుకి మూగిన గుంపుని వలేసి పట్టే పద్ధతి ఈ తీరంలో పాతది. ఆ ఐదూళ్ళలో ఒకటైన మొంతెరోస్సో నెత్తళ్ళకి ఇటలీ అంతా పేరుంది. ధర పెద్ద చేపలో చిన్న ముక్క, రుచి మాత్రం ఆ ఊరిది. అయినా మనవాళ్ళు "చిన్న చేపలేం తింటాం" అని పేజీ తిప్పేస్తారు. విశాఖలో వేపుడు చేసుకుని లొట్టలేసే వాళ్ళే!

నాలుగు రకాలుగా వస్తాయి. ఉప్పువి: తల, పేగు లాగేసి, రాళ్ళ ఉప్పుతో వరస మీద వరస పేర్చి, పైన బరువు పెట్టి నెలన్నర రెండు నెలలు ఊరేస్తారు. కడిగి, ముల్లు తీసి, ఆలివ్ నూనెతో ఇస్తారు, బ్రెడ్డు మీద వెన్న రాసుకుని తినాలి. వేపుడు: పిండిలో పొర్లించి వేయించినవి, తోకతో సహా నమిలేయొచ్చు. మూడోది తెగామే అల్లా వెర్నాత్సానా, వెర్నాత్సా ఊరి వంటకం. కింద బంగాళదుంప చక్రాలు, పైన నెత్తళ్ళు, ఆ పైన టమాటా, నూనె, తెల్ల వైను పోసి పొయ్యిలో పెడతారు. చప్పదనం అనేవాళ్ళు ఇది తిని మాట్లాడాలి.

నాలుగోది నిమ్మరసంలో ఊరేసినది. దీని దగ్గర కాస్త ఆగాలి. బొటనవేలితో పొట్ట చీల్చి, వెన్నుముల్లు లాగేసి, పుస్తకంలా తెరిచి నిమ్మరసంలో ఉంచితే కండ తెల్లబడుతుంది. ఉడికినట్టు కనిపిస్తుంది కానీ ఉడకదు. నెత్తళ్ళలో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు, నిమ్మరసానికి అది చావదు. అందుకే పచ్చిగా వడ్డించే చేపని ముందు మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని యూరప్ నిబంధన. మెనూలో దాని పక్కన గడ్డకట్టించిన సరుకని చెప్పే చుక్క గుర్తు (*) ఉంటే "అయ్యో, ఫ్రోజెన్" అని ముఖం తిప్పుకోకండి, ఈ ఒక్క వంటకానికి ఆ చుక్క మంచి కబురు.

మిగతా వాటికి చుక్క ఉంటే అది ఫ్రీజర్ సరుకే. చెప్పకుండా వడ్డిస్తే ఇటలీలో శిక్షాస్మృతి 515వ సెక్షన్ కింద నేరం. అందుకే ఏ పేజీ అడుగునో చుక్కకి అర్థం రాసి పెడతారు. రొయ్యలు, స్క్విడ్, ఆక్టోపస్ అన్నింటికీ చుక్కలుంటే ఆ హోటల్లో పాస్తా తిని లేవండి.

పాస్తా అంటే గుర్తొచ్చింది, "ఆలస్యం" అన్న ఫిర్యాదు. గుల్లల స్పగెట్టీ ఆర్డర్ చేసి పది నిమిషాల్లో రాలేదని గడియారం చూస్తారు. వోంగోలే గుల్లల్ని లీటరుకి 35 గ్రాముల ఉప్పేసిన నీళ్ళలో గంటల తరబడి ఉంచితే గానీ ఇసుక కక్కవు. ఆర్డర్ వచ్చాక నూనె, వెల్లుల్లి వేడెక్కించి, గుల్లలు వేసి మూత పెడితే రెండు మూడు నిమిషాల్లో నోళ్ళు తెరుస్తాయి. ఊరిన రసం వడగట్టాలి. స్పగెట్టీని రెండు నిమిషాల ముందే తీసి ఆ రసంలోనే ఉడకనివ్వాలి, అప్పుడే గంజి వదిలి రసం చిక్కబడి పాస్తాకి పట్టుకుంటుంది. ప్లేటు అడుగున నీళ్ళు నిలిచి ఉంటే ఆ ఆఖరి రెండు నిమిషాలు ఎగ్గొట్టారని, పంటికింద కరకరమంటే నానబెట్టలేదని అర్థం. నోరు తెరవని గుల్లని ఫోర్కుతో పొడిచి తెరవకండి, పక్కన పెట్టేయండి. పాస్తా పలుకుగా ఉందనిపిస్తే ముందే "బెన్ కొత్తా" అనండి, మెత్తగా ఉడికిస్తారు. కారం కావాలంటే పెపెరొంచీనో అడగండి, మిరపకాయ నూనె ఇస్తారు.

శాకాహారులకి ఒక మాట. పాస్తాలో కలిపే పెస్తో పచ్చడి పచ్చగా ఉంటుంది కాబట్టి నిశ్చింత అనుకోకండి. అందులో తులసి జాతి ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో పాటు పార్మిజానో చీజ్ ఉంటుంది, దానికి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. ఈ ప్రాంతపు కొండిజ్జోన్ సలాడ్‌లో నెత్తళ్ళు దూరతాయి. పట్టింపు ఉన్నవాళ్ళకి చీజ్ లేని టమాటా పాస్తా, మరినారా పిజ్జా, ఇంకా మన శనగపిండే కదా అనిపించే ఫారినాతా అనే అట్టు ఉన్నాయి. పిండికి మూడింతలు నీళ్ళు కలిపి గంటల తరబడి నాననిచ్చి, నూనె, ఉప్పు వేసి పెద్ద రాగి పళ్ళెంలో కాలుస్తారు. అంతే, ఇంకేం ఉండదు. త్రత్తోరియాలో (చిన్న హోటల్లో) కంటే బేకరీల్లో వెతకండి.

వేళల సంగతి తలుపు మీదే రాసి ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి ఏడు, ఏడున్నర తర్వాత. మధ్యలో పొయ్యి ఆర్పేస్తారు. రోజంతా వంట దొరికేది, ఎనిమిది భాషల్లో ఫొటోల మెనూ పెట్టి, వీధిలో నిలబడి చెయ్యిపట్టి పిలిచేది ఏ తరహా హోటలో వేరే చెప్పాలా? అసలు దోపిడీ చోటు అదీ. అక్కడి పద్ధతి కూడా ఒకటే. మెనూలో లేని "ఈరోజు స్పెషల్" నోటితో చెప్తారు, ధర చెప్పరు. మర్యాదకి పోయి మనం అడగం. బిల్లులో అది అన్నిటికంటే పై వరసలో కూర్చుంటుంది. నోటిమాట వంటకానికి ధర అడగడం చిన్నతనం కాదు, ఇటలీవాళ్ళూ అడుగుతారు.

బిల్లు మీరు అడిగేదాకా తేరు. గంటసేపు కూర్చోబెట్టి పట్టించుకోలేదని కోపం తెచ్చుకోకండి, తినడం అయిపోగానే బిల్లు పెట్టడం అక్కడ పొమ్మన్నట్టే. "ఇల్ కొంతో" అనండి. వచ్చాక కోపెర్తో ఎంతమందికి వేశారో, చేప తూకం మీకు చెప్పినదేనో, నీళ్ళ సీసాలు ఎన్నో చూసుకోండి. చేత్తో గీసిన చీటీ ఇస్తే అది రసీదు కాదు. స్కొంత్రీనో, అంటే మిషన్ రసీదు, ఇమ్మనండి. ఇవ్వనని మొండికేస్తే పన్ను ఎగవేతల్ని పట్టే పోలీసులు, గ్వార్దియా ది ఫినాంత్సా నంబరు 117. ఆ మూడంకెలు ఫోన్లో నొక్కేదాకా కూడా వ్యవహారం సాధారణంగా పోదు, పైకి చదివితే చాలు.