అడ్డం పెరిగిన తెర, అణగిపోయిన ఆకాశం

కర్నూలు సమస్యల మీద మాట్లాడే వక్తలు సాగునీటితో మొదలుపెట్టి, మధ్యలో హైకోర్టును ఒకసారి తలచుకొని, వలసలతో ముగించి వేదిక దిగిపోవడం మనకు బాగా అలవాటైన ఆచారం. ఈ ఆచారం కారణంగానే, వెంకటరమణ కాలనీ మొదలుకొని బుధవారపేట వరకు మేడమీది గదుల్లో కూర్చొని కంప్యూటరు మీద విమానాలు నడుపుతున్న ఒక వర్గానికి జరుగుతున్న అన్యాయం ఇంతవరకు ఏ సభలోనూ ప్రస్తావనకు నోచుకోలేదు. వారు ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం అల్ట్రావైడ్, అంటే మామూలు దానికంటే అడ్డంగా పెరిగిన, మానిటర్ కొన్నవారు. వెడల్పు కోసం డబ్బు కట్టి, కట్టిన వెడల్పును వాడుకునే హక్కు కోసం రాత్రుళ్లు మేలుకొని పోరాడుతున్నవారు. వారికి సంఘం లేదు, జెండా లేదు, వారి పక్షాన ఇచ్చిన వినతిపత్రం ఒక్కటైనా లేదు. ఆ లోటును ఈ వ్యాసం భర్తీ చేయదలచింది.

సమస్య తీవ్రత తెలియాలంటే ముందు కొలతలు తెలియాలి. మామూలు మానిటర్ వెడల్పుకూ ఎత్తుకూ ఉండే నిష్పత్తి 16:9. అల్ట్రావైడ్‌ను 21:9 అని పెట్టె మీద అచ్చువేసి అమ్ముతారు. తెర మీది చుక్కలను, అనగా పిక్సెళ్లను, లెక్కపెట్టి 3440×1440 తెరను భాగించి చూస్తే 21.5:9 వస్తుంది, 2560×1080 తెరను భాగిస్తే 21.33:9 వస్తుంది, ఈ రెండింటిలో నికరంగా 21:9 అయినది ఏదీ లేదు. పేరులోనే ఉజ్జాయింపు ఉన్న వస్తువు ఇంటికి వచ్చాక కచ్చితంగా నడుచుకోవాలని ఆశించడం అత్యాశే అని ఎవరైనా అంటే కాదనలేం. అయితే కొన్నవారి కోరిక కూడా మరీ పెద్దదేమీ కాదు. 2021 మార్చి 25న ప్రారంభమై, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న ఓర్వకల్లు విమానాశ్రయంలో, రెండు వేల మీటర్ల రన్‌వే మీద సెస్నా 172 అనే చిన్న విమానాన్ని దించుతూ, అందులోని మీటర్ల బల్లను, ఎదురుగా ఉన్న రన్‌వేను, పక్క కిటికీలోని రాళ్లగుట్టలను తల తిప్పకుండా ఒకే చూపులో చూడాలన్నదే ఆ కోరిక.

మొదట ఎదురయ్యేవి నల్లపట్టీలు. సిమ్యులేటర్ 2560×1440కే పరిమితమై తెర నడుమ కూర్చున్నప్పుడు ఎడమన 440, కుడిన 440 పిక్సెళ్ల మేర చీకటి మిగిలిపోతుంది. మా మేనల్లుడు ఈ చీకటిని గంభీరంగా భరిస్తున్న సమయంలో, మంచినీళ్లు ఇవ్వడానికి మేడెక్కిన మా అక్క ఒక నిమిషం నిలబడి చూసి, "ఇంత దుడ్డు పోసి తెచ్చుకుంటివి, రెండు పక్కలా నల్లగా ఏందిరా ఇది? కరెంటు సగమే వస్తాందా?" అని అడిగింది. సగం కాదని, నాలుగో వంతుకు రవ్వంత ఎక్కువ మాత్రమేనని అతడు లెక్క సరిచేశాడు. లెక్క సరిపోయింది కానీ పట్టీలు పోలేదు. ఎన్నికల వేళ అభ్యర్థుల ప్రకటనలకు ఆ రెండు పట్టీలను అద్దెకిచ్చే వీలుందేమో ఆలోచించవలసిందని నా సూచన. అది ఇంకా పరిశీలనలో ఉంది.

పట్టీలు నచ్చనివారికి గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో "ఫుల్ స్క్రీన్" అనే స్కేలింగ్ సదుపాయం ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే పట్టీలు మాయమై, ఉన్న బొమ్మే ఇటు చివర నుంచి అటు చివరకు సాగుతుంది. ఈ సాగుడు 1.34 రెట్లు. ఎత్తు చూపే గుండ్రటి ఆల్టీమీటర్ కోడిగుడ్డు అవుతుంది. ఎయిర్‌స్పీడ్ మీటరు, దిక్కుల మీటరు కూడా కోడిగుడ్లే అవుతాయి. చూడటానికి ఇది అందానికి సంబంధించిన చిన్న లోపంలా కనిపించినా లోతుగా వెళితే విమానం నడకకే ముప్పు తెచ్చే విషయం. విమానం 30 డిగ్రీలు ఒరిగితే, అడ్డంగా సాగిన తెర మీద క్షితిజరేఖ 23 డిగ్రీలే ఒరిగినట్టు అగుపిస్తుంది. కంటి లెక్కను నమ్మిన పైలట్, తెర మీద 30 కనిపించేదాకా ఒంచుతూ పోతాడు. ఇక రన్‌వే మూడో వంతు లావెక్కుతుంది. వెడల్పాటి రన్‌వేను చూస్తే ఉన్న ఎత్తు కంటే కిందికి వచ్చేశామన్న భ్రమ కలుగుతుందని, ఆ భ్రమలో పైలట్ అవసరమైన దానికంటే పైనే ఉండి ముందుకు వెళ్లిపోతాడని నిజమైన విమానయాన శిక్షణలోనే హెచ్చరిస్తారు. ఓర్వకల్లులో ఉన్నది రెండు వేల మీటర్లు. ఆ భ్రమతో దిగినవాడు రన్‌వే మొదలును గాలిలోనే దాటేసి, చివర నేలను తాకి, కంచె దాటాక ఆగుతాడు. తప్పు స్కేలింగ్‌ది, చెడ్డపేరు మాత్రం పైలట్‌ది.

ఈ అన్యాయానికి బాధ్యులెవరని విచారిస్తే నాలుగు బల్లల ఆఫీసు ఒకటి బయటపడుతుంది. ఇందులో ప్రతి బల్లా తన వరకు నిర్దోషి కావడమే విశేషం. మొదటి బల్ల కేబుల్. హెచ్‌డీఎంఐ 1.4 తరం పోర్టు ఉన్న మానిటర్లలో కొన్ని 3440×1440 బొమ్మను సెకనుకు 50 సార్లకు మించి చూపవు. అదే తెరకు డిస్‌ప్లే పోర్ట్ 1.2 తీగ తగిలిస్తే 60 సార్లు సునాయాసంగా వస్తుంది. పాత తీగను అడిగితే తాను తన తరానికి తగ్గట్టే మోస్తున్నానంటుంది, అది నిజమే. రెండో బల్ల విండోస్. అక్షరాలు చిన్నగా ఉన్నాయని పెద్దవాళ్లు స్కేలింగ్‌ను 150 శాతానికి పెంచి ఉంటారు. అప్పుడు ఆ సంగతి ఎరుగని పాత సిమ్యులేటర్‌కు విండోస్ చెప్పే తెర కొలత 2293×960. అది అంతే గీసి ఇస్తుంది, విండోస్ దాన్ని ఉబ్బించి అతికిస్తుంది, అంకెలు మసకబారుతాయి. ఒక్కోసారి మౌస్ గురి కూడా తప్పుతుంది. సెస్నాలో ఇంజను జోరును మార్చే నల్లటి థ్రాటిల్ నాబ్ పక్కనే, గాలిలో ఇంధనం పాళ్లను మార్చే ఎర్రటి మిక్స్చర్ నాబ్ ఉంటుంది. వేగం తగ్గించుకుందామని థ్రాటిల్ మీద మౌస్ నొక్కితే చేతికి మిక్స్చర్ చిక్కుతుంది. దాన్ని వెనక్కి లాగగానే ఇంధనం ఆగి ప్రొపెల్లర్ నిలిచిపోతుంది. దీనికి నివారణ ఉంది. సిమ్యులేటర్ ప్రోగ్రాం ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ పుటకు వెళ్లి, హై డీపీఐ అమరికల్లో స్కేలింగ్ బాధ్యతను "అప్లికేషన్"కు అప్పగించాలి. అంతే. ఇంత తేలిక పనిని అంత లోతున పూడ్చిపెట్టడంలో దూరదృష్టి ఏదో ఉండే ఉంటుంది. మూడో బల్ల గ్రాఫిక్స్ కార్డు; అక్కడ "ఆస్పెక్ట్ రేషియో" అన్న అమరిక ఎంచుకుంటే కోడిగుడ్లు మళ్లీ గుండ్రమవుతాయి, వాటితోపాటు నల్లపట్టీలూ తిరిగి వస్తాయి. కార్డు దృష్టిలో ఇది న్యాయం.

నాలుగో బల్ల సిమ్యులేటరే. అసలు కథంతా ఇక్కడే ఉంది. 2006లో విడుదలై, నేటికీ మన మేడగదుల్లో బతికే ఉన్న మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌ను తీసుకుందాం. రిజల్యూషన్ 3440×1440 అని సక్రమంగా ఎంచుకున్నా, అది పక్కల చూపు పెంచదు. అడ్డం ఎంతో అంతే ఉంచి, పైనా కిందా కోసేస్తుంది. లెక్కలో చెప్పాలంటే, అడ్డంగా 90 డిగ్రీల చూపు ఉన్నప్పుడు 16:9 తెర మీద నిలువు చూపు 58.7 డిగ్రీలు ఉంటుంది; అదే 90 డిగ్రీలను అల్ట్రావైడ్‌లో పరిస్తే నిలువు చూపు 45.4కు పడిపోతుంది. వెడల్పు కొన్నవాడికి ఎత్తు పోయింది. ఆకాశమూ పోయింది, మీటర్ల బల్ల అడుగుభాగమూ పోయింది, మిగిలింది నడుమనున్న ఒక చీలిక. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికను తరతరాలుగా తిరగేస్తున్న ప్రాంతానికి, 1953 అక్టోబరు 1న రాజధానిని పొంది 1956 నవంబరు 1న దాన్ని అప్పగించిన పట్టణానికి, వాటా పెంచుతున్నామని చెబుతూ కోయడమంటే ఏమిటో ఎవరూ కొత్తగా వివరించనక్కరలేదు. తేడా ఒక్కటే. సిమ్యులేటర్ చేసిన కోతను ఒక్క వరుసతో సరిదిద్దవచ్చు.

ఆ వరుస ఉండవలసిన చోటు యాప్‌డేటా అనే ఫోల్డర్ లోపల ఉన్న ఎఫ్‌ఎస్‌ఎక్స్.సీఎఫ్‌జీ అనే ఫైలు. యాప్‌డేటాను విండోస్ మామూలుగా దాచిపెడుతుంది. ముందు దాగిన ఫోల్డర్లను చూపమని దాన్ని ఒప్పించాలి. ఆపైన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, "డిస్‌ప్లే" అన్న శీర్షిక కింద "వైడ్‌వ్యూఆస్పెక్ట్" ఎదుట ఉన్న "ఫాల్స్"ను చెరిపి "ట్రూ" అని రాసి భద్రపరచాలి. ఈ మాత్రం దిద్దుబాటుతో పైనా కిందా కోసిన భాగం తిరిగి వచ్చి, పక్కల చూపు 106.7 డిగ్రీలకు విస్తరిస్తుంది. చదరపు తెరలు ఏలిన కాలంలో ఆ "ఫాల్స్"ను ఎంచుకున్నవారిని తప్పుపట్టడం సరికాదు. అప్పట్లో ఒకడు ఇంత అడ్డంగా తెర కొంటాడని ఎవరు ఊహించగలరు?

ఎక్స్‌ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ వాడేవారికి ఈ ఫైళ్ల తవ్వకం లేదు. అక్కడ గ్రాఫిక్స్ అమరికల్లో "లేటరల్ ఫీల్డ్ ఆఫ్ వ్యూ" అనే జారుడు మీట ఉంటుంది. దాన్ని జరిపి కావలసినన్ని డిగ్రీలు తీసుకోవచ్చు. స్వేచ్ఛ ఇచ్చినచోట మనవారు ఎంత తీసుకుంటారో తెలిసిందే. చూపును ఎంత విప్పితే తెర అంచులు అంత సాగుతాయి, ఎందుకంటే కంప్యూటరు ప్రపంచాన్ని చదునైన గాజు మీద పడ్డ నీడగానే గీస్తుంది. 90 డిగ్రీల చూపులో అంచున ఉన్న వస్తువు, నడుమ ఉన్నదానితో పోలిస్తే అడ్డంగా రెండు రెట్లు సాగుతుంది; 106.7 డిగ్రీల చూపులో ఆ సాగుడు దాదాపు 2.8 రెట్లు. ఓర్వకల్లు రాళ్లగుట్ట నడుమ ఉన్నంతసేపూ గుట్టలాగే ఉంటుంది. కిటికీ వైపు జరిగేకొద్దీ నేలమీద పడుకుంటుంది. వంపు తిరిగిన మానిటర్ కొంటే ఇది తీరుతుందని కొందరు చెబుతారు. తెర వంగినా లోపలి లెక్క చదునుగానే ఉంటుంది కనుక, ఆ వంపు కంటికి కొంత ఊరటనిస్తుంది తప్ప గుట్టను లేపి నిలబెట్టదు.

2020 ఆగస్టులో వచ్చిన కొత్త తరం మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు వెడల్పు తెర కొత్త కాదు. పట్టీలు లేవు, కోత లేదు, దాగిన ఫైలు వెతకనక్కరలేదు. మా మేనల్లుడు దానికి మారాక కర్నూలు మీద ఆకాశం అంచు నుంచి అంచు దాకా పరుచుకుంది. మా అక్క కూడా వచ్చి చూసి, "ఇప్పుడు కరెంటు పూర్తిగా వస్తాంది" అని ఒప్పుకుంది. అయితే 3440×1440 అంటే 49,53,600 పిక్సెళ్లు. పాత 1920×1080 తెర కంటే దాదాపు 2.4 రెట్లు. పాత తెరకు సరిపోయిన గ్రాఫిక్స్ కార్డు ఈ భారానికి నిట్టూర్చింది, విమానం తుంగభద్ర మీద అంచెలంచెలుగా కదలసాగింది. కొత్త కార్డు ధర వినగానే మా బావ రెండు రోజుల పాటు మేడెక్కలేదు. చివరికి రెండర్ స్కేలింగ్‌ను 80 శాతానికి తగ్గించారు. దాంతో విమానం నున్నగా సాగుతోంది. కంప్యూటరు ఇప్పుడు నిజంగా గీస్తున్నది 2752×1152, అనగా 31,70,304 పిక్సెళ్లు. మిగతావి ఊహించి నింపుతోంది. ఎదురింటి అబ్బాయి దగ్గర మామూలు 2560×1440 మానిటర్ ఉంది, అది గీసేది 36,86,400.